పాలిప్ పేరు దాని అడుగున

అమావాస్యనాడు తిరువళ్లూరు వీరరాఘవస్వామి కోనేటి మెట్ల మీద బెల్లం చేతబట్టుకున్నవాళ్లు కనబడతారు. ఆ స్వామిని వైద్య వీరరాఘవుడంటారు. ఒంటి మీద పులిపిర్లు, కంతులు లేచినవాళ్లు మొక్కుకుని హృత్తాపనాశిని నీళ్లలో బెల్లం వేస్తారు. అది కరిగినట్టే ఒంటి మీది కండ కూడా కరిగిపోవాలని కోరిక. తిరుత్తణి, పళ్లిపట్టు వైపు తెలుగు ఇళ్లలో ఈ మొక్కు తెలియనివాళ్లు అరుదు. చిన్నప్పుడు నా మెడ మీద పులిపిరి లేస్తే మా అమ్మ కూడా అక్కడికే తీసుకుపోయింది.

పెద్దపేగు లోపలి గోడ మీదా ఇలాగే కండ లేస్తుంది. దాన్నే డాక్టర్లు పాలిప్ అంటారు. కంటికి కనబడదు, చాలావరకు నొప్పి ఉండదు. బయటపడితే ఎక్కువగా రక్తంగానే బయటపడుతుంది. దొడ్డికి పోయినప్పుడు రక్తం పడితే మన ఇళ్లలో మొలలంటారు, తమిళుల ఇళ్లలో మూలం అంటారు. ఏ పేరైనా ముందు వెదికేది మొలల మందే. ఆ మందు వాడుతుండగానే నెలలు గడిచిపోతాయి. పాలిప్ పెద్దదై కుడివైపు పేగులో ఉంటే రక్తం చుక్కలు చుక్కలుగా మలంలో కలిసిపోతుంది, అదీ కంటబడదు. ఏటా తిరుత్తణి కొండ 365 మెట్లూ ఎక్కే మనిషి ఈ ఏడు రక్తం తగ్గి సగం దారిలో ఆయాసంతో కూలబడితే, వయసు మీద పడిందనుకుంటారు తప్ప పేగు సంగతి ఎవరికీ తట్టదు.

పాలిప్ అన్నది రోగం పేరు కాదు, ఆకారం పేరు. పేగు గోడ నుంచి లోపలికి పొడుచుకొచ్చిన ప్రతిదీ పాలిపే. ఎప్పటికీ ఏమీ చేయనిదానికీ, పదేళ్లలో క్యాన్సర్ కాగలదానికీ, ఇప్పటికే అయిపోయినదానికీ ఆ ఒక్క మాటే. ఎండోస్కోపీ డాక్టరు పైరూపం చూసి చాలావరకు పోల్చుకోగలడు కానీ, పేరు ఖాయం చేసేది మైక్రోస్కోపు. ఇరవై ఏళ్లుగా ఆ మైక్రోస్కోపు ముందు కూచున్నవాణ్ని కాబట్టి ఒక మాట గట్టిగా చెప్పగలను. పుస్తకాల్లో ఉన్న విభజనలన్నీ ఒకే బరువువి కావు. కొన్ని రాతి మీద గీతలు, కొన్ని నీటి మీద గీతలు. నిజంగా మనిషి దారి మార్చే విభజనల్లో చాలావాటికి జవాబు పాలిప్ పైన ఉండదు, అడుగున ఉంటుంది.

ముందు మామూలు పేగు ఎలా ఉంటుందో చూడాలి. సుమారు మీటరున్నర పొడవున్న పెద్దపేగు లోపలి జిగురుపొరలో సన్నటి గొట్టాల్లాంటి గ్రంథులు పక్కపక్కనే నిలబడి ఉంటాయి. వాటిని క్రిప్టులంటారు. పొదటూరుపేట మగ్గాల మీద పడుగు చూసినవాళ్లకు ఆ వరుస వెంటనే అర్థమవుతుంది. దారాలన్నీ సూటిగా, సమానమైన ఎడంతో ఉంటాయి. గొట్టాల అడుగుభాగాలు కింద ఉన్న సన్నటి కండర పట్టీని దాదాపు తాకుతూ నిలుస్తాయి. కొత్త కణాలు అడుగున పుడతాయి. పైకి ఎక్కుతూ ముదురుతాయి. నాలుగైదు రోజుల్లో పైకి చేరి రాలిపోతాయి. అడుగు పసితనం, పైభాగం పెద్దరికం అనుకుంటే చాలు. పాలిప్‌లన్నిటినీ ఈ లెక్క ఎక్కడ తప్పిందో చూసే విడదీయాలి.

అడినోమాలో ముదరడమే ఆగిపోతుంది. అడుగున ఉండాల్సిన పసి కణాల పోలిక పైదాకా వచ్చేస్తుంది. కేంద్రకాలు పెన్సిళ్లలా సాగి, ముదురు రంగు తేలి, ఒకదాని మీద ఒకటి ఇరుక్కుంటాయి. హిమటాక్సిలిన్ రంగు పట్టిన గాజుపలకను మైక్రోస్కోపు కింద పెట్టకముందే, కిటికీ వెలుగులో ఎత్తి చూస్తేనే గులాబీ రంగు ముక్కలో నీలం మరక కనబడుతుంది. ఆ నీలం పైఅంచును తాకుతున్నదా అన్నదే మొదటి ప్రశ్న. పైన కణాలు మామూలుగా ముదిరి, అడుగున మాత్రమే నీలంగా ఉంటే అది పుండు మానేటప్పుడు వచ్చే హడావుడి కావచ్చు, అడినోమా కాకపోవచ్చు. ఈ గీత రాతి మీదిది. అనుభవం ఉన్న ఇద్దరు పాథాలజిస్టులు అడినోమా అవునా కాదా అన్నచోట అరుదుగానే విభేదిస్తారు.

ఆ తర్వాతి గీతలు అంత గట్టివి కావు. గొట్టాలు గొట్టాలుగానే ఉంటే టబ్యులర్ అంటాం. వేళ్లలా పొడుగ్గా లేచిన భాగం నాలుగో వంతు దాటితే టబ్యులోవిల్లస్, మూడు వంతులు దాటితే విల్లస్. వినడానికి లెక్క బాగుంది. నాలుగో వంతు దగ్గర ఉన్న పలకను ఇద్దరికిస్తే రెండు పేర్లు రావచ్చు. అదే మనిషికి ఆరు నెలల తర్వాత మళ్లీ ఇస్తే తన పేరే తాను మార్చుకోవచ్చు. కణాల వికారాన్ని తక్కువ, ఎక్కువ అని రెండు మెట్లుగా చూడడం ఇప్పటి పద్ధతి. ఒకప్పుడు మూడు మెట్లుండేవి, మధ్య మెట్టు మీద ఎవరికీ కాలు నిలవక దాన్ని తీసేశారు. తీసేయడం మంచిదైందని నా అభిప్రాయం. ఎక్కువ మెట్టు అనడానికి గ్రంథులు ఒకదానిలోకి ఒకటి దూరి జల్లెడలా మారాలి, కేంద్రకాలు గుండ్రబడి దారీతెన్నూ తప్పాలి. ఒక మూల నాలుగు కణాలు గుర్రుగా ఉన్నంత మాత్రాన ఆ మాట రాయకూడదు.

రిపోర్టులో అడినోమా అన్న మాట చూడగానే ఇంటిల్లిపాదీ ఏడ్చిన సందర్భాలు నాకు తెలుసు. మన ప్రాంతంలో ఈ కష్టం కొంచెం ఎక్కువ. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వెళ్లింది. ఇప్పుడు ఇక్కడి తెలుగు ఇంట్లో మాట తెలుగు, బడీ ఆఫీసు కాగితమూ తమిళం, ఆసుపత్రి రిపోర్టు ఇంగ్లీషు. రిపోర్టు అర్థం చెప్పే మనిషి ఆ మూడింటి మధ్యా ఎక్కడో తప్పిపోతాడు. అడినోమా క్యాన్సర్ కాదు. కాగల గుణం ఉన్న కండ. వాటిలో ఎక్కువ భాగం ఎప్పటికీ క్యాన్సర్ కావు. అయ్యేవాటికి కూడా దాదాపు పదేళ్లు పడుతుంది. ఏవి అవుతాయో ముందుగా తెలియదు కాబట్టే అన్నిటినీ తీసేస్తాం. వేర్లు పాకకముందు తీసిన కలుపు అని చెబితే మన రైతు ఇళ్లలో వెంటనే అర్థమవుతుంది, నేనలాగే చెబుతాను.

తీసేయడం వల్ల మేలుందా అన్న ప్రశ్నకు జవాబు వచ్చి మూడు దశాబ్దాలైంది. 1969లో న్యూయార్కులో హిరోమి షిన్యా, విలియం వోల్ఫ్ కలిసి కొలొనోస్కోపులోంచి తీగ ఉచ్చు వేసి, కరెంటుతో కాల్చి పాలిప్ కోయడం మొదలుపెట్టారు. అంతకుముందు లోతున ఉన్నవాటికి పొట్ట కోయాల్సి వచ్చేది. 1993లో అమెరికా జాతీయ పాలిప్ అధ్యయనం 1,418 మంది లెక్క బయటపెట్టింది. అడినోమాలు తీయించుకున్నవాళ్లలో పెద్దపేగు క్యాన్సర్, పోల్చిన గుంపును బట్టి 76 నుంచి 90 శాతం దాకా తగ్గింది. దానికి ముందే 1990లో ఫియరన్, వోగెల్‌స్టీన్ అడినోమా నుంచి క్యాన్సర్‌కు సాగే ప్రయాణంలో జన్యువులు ఏ వరుసలో చెడుతాయో గీసి చూపించారు. ముందు ఏపీసీ, తర్వాత కేరాస్, చివర పీ53. లండన్ సెయింట్ మార్క్స్ ఆసుపత్రిలో డ్యూక్స్, ఆ తర్వాత మోర్సన్ పలకల మీద కనిపెట్టిన దారికి అది జన్యువుల సాక్ష్యం.

ఆ దారి ఒక్కటే అనుకున్నాం. అక్కడే పెద్ద పొరపాటు జరిగింది. నేను చదువుకున్న పాత పుస్తకాల్లో హైపర్‌ప్లాస్టిక్ పాలిప్ అంటే ఒక్కటే మాట: హాని లేదు, వదిలేయండి. గొట్టం లోపలి అంచు నునుపుగా లేకుండా రంపపు పళ్లలా ఉంటుంది. కణాలు పుడుతున్నాయి కానీ వేళకు రాలడం లేదు. చోటు చాలక మడతలు పడుతున్నాయి, ఆ మడతలే పళ్లు. రంపం కనబడితే చాలు, హైపర్‌ప్లాస్టిక్ అని రాసి పక్కన పెట్టేవాళ్లం. 1990లో లాంగేకర్, ఫెనోగ్లియో-ప్రైజర్ ఈ రంపాల్లో కొన్ని అడినోమాలాగా నడుచుకుంటున్నాయని రాశారు. 1996లో టోర్లకోవిచ్, స్నోవర్ మరో రకాన్ని పట్టుకున్నారు. దానికే చాలా పేర్లు మారి, 2019 ప్రపంచ ఆరోగ్య సంస్థ పుస్తకంలో సెసైల్ సెరేటెడ్ లీజన్ అన్న పేరు నిలిచింది. పెద్దపేగు క్యాన్సర్లలో 15 నుంచి 30 శాతం ఈ రంపపు దారిన వస్తాయని ఇప్పుడంటున్నారు. ఇక్కడ ముందు చెడేది ఏపీసీ కాదు, ఎక్కువసార్లు బీరాఫ్.

ఇది దోసెలా గోడకు పరుచుకుని ఉంటుంది. పైన జిగురు కప్పుకుంటుంది. కుడివైపు పేగులో ఎక్కువ. ఎండోస్కోపీలో కంటికి ఆనడమే కష్టం. మైక్రోస్కోపు కింద పైభాగం చూస్తే హైపర్‌ప్లాస్టిక్ పాలిప్‌కూ దీనికీ తేడా దాదాపు లేదు. రెండూ రంపాలే. తేడా అంతా అడుగున.

ఒక పలక దగ్గరగా చూద్దాం. హైపర్‌ప్లాస్టిక్‌లో రంపం పైసగంలోనే ఉంటుంది. కిందికి దిగేకొద్దీ గొట్టం సన్నబడి, సూటిగా, మేకు దిగినట్టు కండర పట్టీ మీద ఆగుతుంది. అడుగున పసి కణాలే ఉంటాయి, ఉండాల్సినచోట. రెండో రకంలో రంపం అడుగుదాకా దిగుతుంది. గొట్టం అడుగు సన్నబడడానికి బదులు ఉబ్బుతుంది. కండర పట్టీని తాకి అక్కడ ఆగకుండా దాని వెంబడే పక్కకు తిరిగి పాకుతుంది. కొన్ని గొట్టాలు బూటు కాలులా, కొన్ని లంగరులా కనిపిస్తాయి. పసి కణాలుండాల్సిన అడుగున ముదిరిన గోబ్లెట్ కణాలు కూచుని ఉంటాయి. పుట్టుక చోటు మారిపోయింది. 2010 పుస్తకం ఇలాంటి గొట్టాలు పక్కపక్కనే రెండు మూడు కావాలన్నది. 2019 పుస్తకం సందేహం లేని గొట్టం ఒక్కటున్నా చాలన్నది. నేను ఈ మార్పుతో ఏకీభవిస్తాను, కానీ సందేహం లేని అన్న మాటను మరిచిపోకూడదు. మలద్వారం దగ్గరి చిన్న హైపర్‌ప్లాస్టిక్‌లో కొంచెం వంకర గొట్టం ఒకటి కనబడిందని పేరు మార్చేస్తే, ఆ మనిషిని లేనిపోని కొలొనోస్కోపీల చుట్టూ తిప్పినవాళ్లమవుతాం.

నిజం చెప్పాలంటే ఈ గీత ఇంకా తడిగానే ఉంది. ఇద్దరు నిపుణులు ఇక్కడ ఒప్పుకోకపోవడం మామూలే. ఒప్పుకోకపోవడానికి సగం కారణం కళ్లు కాదు, ముక్క. కోసిన కండను ఫార్మలిన్‌లో పడేస్తే ముడుచుకుపోతుంది. మైనంలో ఎలా పడితే అలా కూచుంటే, మైక్రోటోమ్ కత్తి నాలుగు మైక్రాన్ల పొర తీసినప్పుడు గొట్టాలు నిలువుగా కాక అడ్డంగా తెగుతాయి. అప్పుడు పలక మీద గుండ్రటి వలయాలే తప్ప అడుగు కనబడదు. అడుగు కనబడని రంపానికి పేరు పెట్టడం కాలు చూడకుండా చెప్పు కొలత చెప్పడమే. పరుచుకున్న కండను కోసిన వెంటనే చిన్న బెండు ముక్క మీద చాచి గుండుసూదులు గుచ్చి ఫార్మలిన్‌లో వేస్తే ఈ కష్టం చాలావరకు తీరుతుంది. దానికి పట్టేది రెండు నిమిషాలు, ఖర్చు దాదాపు లేదు. చిన్న ఊళ్ల నుంచి ముక్క ఒక్కోసారి సెలైన్‌లో, ఒక్కోసారి స్పిరిట్‌లో వస్తుంది. అప్పటికే కణాలు చెడిపోయి ఉంటాయి. పది శాతం ఫార్మలిన్, ముక్కకు పదింతలు. ఈ మాట ప్రతి ఎండోస్కోపీ గది గోడ మీదా రాసి ఉండాలని నా కోరిక.

రంపాల్లో మూడోది ట్రెడిషనల్ సెరేటెడ్ అడినోమా. అరుదు. ఎక్కువగా ఎడమవైపు వస్తుంది. వేళ్లలా లేచిన భాగాలు, గులాబీ రంగు కణాలు, లోతైన చీలికలు, పక్కల నుంచి మొలిచిన చిన్న చిన్న మొగ్గ గొట్టాలు ఉంటాయి. ఒకసారి చూస్తే మరిచిపోరు.

ఇక పిల్లలు. రెండేళ్ల నుంచి పదేళ్ల బిడ్డకు నొప్పి లేకుండా రక్తం పడితే మన దేశంలో ముందు అనుమానించాల్సింది జువెనైల్ పాలిప్‌ను. ఒక తండ్రి నా గది గుమ్మంలో నిలబడి, బిడ్డకు మొలలా సార్ అని అడిగాడు. మొలలు కాదు నాయనా, పిల్లలకు మొలలు రావడం చాలా అరుదు అన్నాను. ఆ పలక చూస్తే చెర్రీ పండును అడ్డంగా కోసినట్టుంటుంది. పైపొర చాలాచోట్ల ఊడిపోయి ఉంటుంది. లోపల గ్రంథులు జిగురుతో నిండి బుడగల్లా ఉబ్బి ఉంటాయి. వాటి మధ్య వాచిన మెత్తటి కణజాలం నిండా తెల్లకణాలు. కణాల్లో వికారం ఉండదు. ఒక్కటే ఉంటే తీసేశాక దాని కథ ముగిసినట్టే. ఐదు లేదా అంతకన్నా ఎక్కువుంటే మాత్రం కుటుంబాన్ని పిలిచి మాట్లాడాలి, ఎందుకంటే అది తరాల్లో పారే రకం, దానికి క్యాన్సర్ ముప్పు ఉంది.

పెదవుల మీద, బుగ్గల లోపల నల్లటి మచ్చలున్న బిడ్డకు పేగులో పాలిప్ వస్తే ప్యూట్స్-జెగర్స్ పాలిప్. చెట్టు కొమ్మల్లా చీలుతూ పోయే కండరమే దాని గుర్తు. 1921లో ప్యూట్స్, 1949లో జెగర్స్ వర్ణించారు. పలక కన్నా ముందు ఆ పెదవులు చూసిన డాక్టరుకే ఈ పేరు తట్టాలి, కానీ ఆ సంగతి నాకొచ్చే కాగితంలో రాయడం మరిచిపోతారు. వందకు పైగా అడినోమాలు పరుచుకుంటే అది మరో వంశపు జబ్బు. చికిత్స లేకపోతే నడివయసు వచ్చేసరికి దాదాపు అందరికీ క్యాన్సరే. అక్కడ ఒక్కో పాలిప్ పేరు కన్నా లెక్కే ముఖ్యం.

మంట వల్ల లేచే పాలిప్‌లు మన వైపు తక్కువేమీ కాదు. అల్సరేటివ్ కొలైటిస్, క్షయ, అమీబా పుండ్లు పడ్డచోట, పుండ్ల మధ్య మిగిలిన జిగురుపొర దీవులు ఉబ్బి పాలిప్‌లా కనిపిస్తాయి. అలాంటి పలక మీద పైనున్న చీము పొరను ఓపిగ్గా వెదకాలి. ఎర్రకణాలను మింగిన అమీబా ఒక్కటి దొరికినా చికిత్స మారిపోతుంది. ఏళ్ల తరబడి ముక్కి దొడ్డికి పోయేవాళ్లలో మలాశయం గోడ జారి లేచే కండ మరో రకం. గ్రంథుల మధ్యకు కండర పోగులు నిలువుగా ఎక్కివస్తాయి. గ్రంథులు వజ్రం ఆకారంలో నొక్కుకుపోతాయి. అందులోనూ రంపపు పళ్లు కనబడొచ్చు, తొందరపడి సెరేటెడ్ అని రాసేవాళ్లున్నారు. ఆ కండరం చూశాక ఆ మనిషికి అక్కర్లేనిది పాలిప్ భయం, కావాల్సింది మలబద్ధకం వైద్యం. కొవ్వు గడ్డలు, లింఫ్ ముద్దలు కూడా పాలిప్‌లుగానే వస్తాయి. వాటిని పోల్చుకోవడం కష్టం కాదు.

అన్నిటికన్నా భయపెట్టే ప్రశ్న, అడినోమాలో క్యాన్సర్ మొదలైందా అన్నది. పెద్దపేగులో కండర పట్టీ దాటితేనే క్యాన్సర్ అంటాం. పట్టీకి పైన ఎంత వికారమున్నా అది ఇంకా ఎక్కువ మెట్టు అడినోమాయే, కోసేస్తే సరిపోతుంది. మళ్లీ అడుగుకే వచ్చాం. నేను చదువుకునే రోజుల్లో ఎడమవైపు పేగు నుంచి కాడ ఉన్న పెద్ద పాలిప్ ఒకటి వచ్చింది. కాడ లోపల, పట్టీకి కింద, గ్రంథులు. నా గుండె జారింది. క్యాన్సర్ అని కాగితం మీద రాసేశాను. మా పెద్దాయన పలక చూసి, గ్రంథి చుట్టూ ఏముంది, పక్కన ఏ రంగుంది అని రెండే ప్రశ్నలు అడిగారు. మళ్లీ చూశాను. ప్రతి గ్రంథీ తన చుట్టూ మామూలు జిగురుపొర మెత్తటి కణజాలాన్ని కోటులా వేసుకునే ఉంది. పక్కన తుప్పు రంగు రేణువులు. పొడుగు కాడ మీద పాలిప్ రోజూ మెలితిరిగి, రక్తం చిమ్మి, పై గ్రంథులు బలవంతంగా కిందికి దిగాయి. అవి తొలుచుకుంటూ దిగినవి కావు. ఇనుముకు నీలం పట్టే రంగు వేస్తే ఆ రేణువులు నీలంగా వెలిగాయి. నా కాగితం అలాగే వెళ్లి ఉంటే ఆ మనిషి పేగు కోసేవాళ్లు. నిజమైన క్యాన్సర్ గ్రంథి కోటు లేకుండా, కోసుగా, చుట్టూ గట్టి నారను పుట్టిస్తూ దిగుతుంది. ఈ రెండింటి తేడా ఇన్నేళ్ల తర్వాత కూడా అన్నిసార్లూ సులువు కాదు. సందేహముంటే ఇంకొకరికి చూపించడానికి నేను సిగ్గుపడను.

నిజంగా క్యాన్సర్ ఉన్నప్పుడు కాడలో ఎంత కిందికి దిగిందో 1985లో హాగిట్ మెట్లు గీశాడు. కాడ లేనివాటిలో లోతును మైక్రాన్లలో కొలుస్తాం, 1,000 మైక్రాన్లు దాటిందా అని. రక్తనాళంలో, లింఫ్ నాళంలో కణాలున్నాయా, అంచున ఒంటరి కణాలో, నాలుగు కణాలకు మించని గుంపులో విడిపోతున్నాయా, కాల్చిన అంచుకు ఒక మిల్లీమీటరన్నా దూరముందా అన్నవి కూడా రాయాలి. ఇవన్నీ బాగుంటే పాలిప్ తీయడమే చికిత్స. ఒకటి చెడితే శస్త్రచికిత్స గురించి మాట్లాడాలి. ఇక్కడ ప్రతి మాటకూ ఒక పేగు బరువుంది.

మళ్లీ కొలొనోస్కోపీ ఎప్పుడు అన్నది కూడా పేరు మీదే ఆధారపడుతుంది. 2020 అమెరికా మార్గదర్శకాల ప్రకారం 10 మిల్లీమీటర్లలోపు టబ్యులర్ అడినోమాలు ఒకటి రెండుంటే 7 నుంచి 10 ఏళ్లకు, 10 మిల్లీమీటర్లకు తగ్గనిదైనా, విల్లస్ అయినా, ఎక్కువ మెట్టు అయినా 3 ఏళ్లకు. చూశారా, నీటి మీద గీత అన్న విల్లస్ ఇక్కడ ఒక మనిషి జీవితంలో కనీసం నాలుగేళ్ల తేడా తెస్తుంది. అందుకే కొలతను పేగు లోపలే సరిగ్గా తీసి రాయమని ఎండోస్కోపీ డాక్టర్లను అడుగుతుంటాను. సరిగ్గా తీసిన కొలత ఇద్దరి మధ్య అంతగా మారదు. ఐదు మిల్లీమీటర్లలోపువాటిని ఎండోస్కోపు వెలుగులోనే పోల్చుకుని పారేయవచ్చన్న ఆలోచన పడమటి దేశాల్లో నడుస్తోంది. అమీబా, క్షయ, ముక్కడం వల్ల లేచే కండ ఇన్ని కలిసిన మన దగ్గర దానికి నేనింకా సిద్ధంగా లేను.

మొన్న ఒక సీసా వచ్చింది. ఆర్కోణం–రేణిగుంట లైనులో బంధువు చేతిలో వచ్చిన చిన్న ప్లాస్టిక్ సీసా. కాగితం మీద కొలానిక్ పాలిప్ అని తప్ప ఏమీ లేదు. ఏ వైపు, ఎంత పెద్దది, ఏమీ రాయలేదు. పలక మీద రంపపు వలయాలు, అన్నీ అడ్డంగా తెగినవి. హైపర్‌ప్లాస్టిక్ అని రాస్తే ఎవరూ తప్పుపట్టరు. ఫోన్ చేశాను. కుడివైపు, సీకం పక్కన సార్, పన్నెండు మిల్లీమీటర్లు, పైన జిగురు అతుక్కుని ఉండింది అన్నారు అవతలినుంచి. మైనం దిమ్మను కరిగించి, ముక్కను నిలువుగా తిప్పి కూచోబెట్టించాను. లోతుకు మూడు కోతలు కోయించాను. మొదటిదానిలో లేదు. రెండోదానిలో అనుమానం. మూడోదానిలో కండర పట్టీ సన్నటి గీతలా కనబడింది. దాని మీద ఒక గొట్టం అడుగు ఉబ్బి, పక్కకు తిరిగి, బూటు కాలులా పడుకుని ఉంది. సెసైల్ సెరేటెడ్ లీజన్, వికారం లేదు అని రాసి, మూడేళ్లకు మళ్లీ చూడమని తెలుగులో ఒక వాక్యం కింద చేర్చి, సీసా తెచ్చిన ఆయనకే రిపోర్టు ఇచ్చి పంపాను.